ముద్ర లేని పుర్రె

అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. అమ్మకు దగ్గు తగ్గింది, నోరే తగ్గలేదు. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం, దాంతోపాటు మనిషి కోతిలాంటి జీవి నుంచి రాలేదంటూ నువ్వు అచ్చు వేయించిన కరపత్రం అందాయి. "మ్యూజియంలో పనిచేసేదానివి కదా, దమ్ముంటే జవాబు చెప్పు" అన్నావు. చెబుతున్నాను, కూర్చుని చదువు.

ఆదిమానవుల ఎముకలన్నీ పోగేసినా ఒక భోజనాల బల్ల నిండదా? ఎవరు చెప్పారు బాబూ నీకు? వేలమందివి దొరికాయి. మేం ప్లాస్టర్‌తో పోసిన వాటి నకళ్లకే మా వెనక గదిలో చోటు చాలక బీరువాల మీద పెడుతున్నాం. ఆఫ్రికాలో దొరికిన ముప్పై రెండు లక్షల ఏళ్ల నాటి ఆవిడ అస్థిపంజరానికి ఎక్కడో దొరికిన మోకాలు అతికించారా? ఆ మోకాలు ఆవిడ దొరకడానికి ముందు ఏడాది దొరికింది, అది వేరొకరిదని తవ్వినవాళ్లే రాశారు. దాన్ని తెచ్చి ఈవిడకు అతికించింది నీబోటివాళ్లే. ఇక నియాండర్తల్ అనే ఆదిమానవుడు ఎముకల జబ్బు చేసిన ముసలాడట! ఆ జబ్బు చేస్తే ఎముక మెత్తబడి వంగుతుంది మహానుభావా, అంత మందంగా, గట్టిగా ఉండదు.

అన్నిటికన్నా నవ్వొచ్చింది మరొకటుంది. పోయినేడాది కరపత్రంలో ఒక పుర్రె బొమ్మ వేసి "అచ్చంగా కోతిది" అన్నావు. ఈసారి అదే బొమ్మ కింద "అచ్చంగా మనిషిది" అని వేశావు. కోతికీ మనిషికీ మధ్యరకమే లేదని వాదించే పెద్దమనిషివి, అది ఎటువైపుదో నువ్వే తేల్చుకోలేకపోయావు! అమ్మకు చదివి వినిపిస్తే, "వీడు చిన్నప్పుడూ ఇంతే, అడిగినప్పుడల్లా ఒక మాట" అంది.

నాలుగో పేజీ దగ్గర మాత్రం నా నవ్వు ఆగిపోయింది. ఫోటోలో నువ్వు అంచు విరిగిన పుర్రె పట్టుకుని నిలబడ్డావు, లోపల ప్లాస్టర్ తెల్లగా కనిపిస్తోంది. "అసలుదని నమ్మించిన మ్యూజియం మోసం" అని కింద రాశావు. సిగ్గులేదూ? అది నీ పుట్టినరోజుకు నేను చేసి పంపిన నకలు. నకలని చెప్పే పంపాను.

తప్పు నాదీ ఉంది. మేం పోసే ప్రతి నకలుకూ అడుగున "నకలు" అని ముద్ర వెయ్యాలి. నీ చేతిలో అసలుదే ఉన్నట్టు అనిపించాలని, మురిపెం కొద్దీ నీదానికి మానేశాను. కరపత్రం చూశాక మా మ్యూజియం పెద్దాయనకు అంతా చెప్పేశాను. అచ్చులు పోసే పని నుంచి నన్ను తప్పించారు. ఇరవై రెండేళ్లు చేసిన పని అన్నయ్యా. ఇప్పుడు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. మొదటిరోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

ఆదివారం నువ్వు పెట్టే సభలో ఆ పుర్రె చూపిస్తానని కరపత్రం చివర వేశావు కదా. వస్తున్నాను. "ఇది మా చెల్లెలు చేసిచ్చిన నకలు" అని నువ్వే చెబితే, విని వచ్చేస్తాను. చెప్పకపోతే లేచి నేనే చెబుతాను.

అమ్మ కూడా వస్తానంటోంది. నీకెదురుగా మొదటి వరసలో కూర్చుంటుందట. "వాడు నా మొహం చూస్తూ ఆ అబద్ధం ఆడితే అప్పుడు లే. అంతదాకా లేవకు" అంది.

ఇట్లు,
ఇప్పటికీ నీ చెల్లెలు