ముగ్గు ఆగిన గడప

విల్లియనూరు, సోమవారం

అక్క లీలమ్మకు తమ్ముడు కుప్పుస్వామి నమస్కారాలు.

ఒర్లియంపేటలో నీ గడప ముందు మూడు రోజులుగా ముగ్గు లేదట. "అక్కింట్లో ఏందో జరిగింది సామీ" అన్నాడు మన రెండూళ్లకూ పాలు పోసే ధనపాల్. మనలో ముగ్గు ఆగిందంటే చావే కదా! నీ ఫోన్ కట్టేసి ఉంది. ఎవరు పోయారో తెలియకపోయినా ఇంటిల్లిపాదీ తలకు పోసుకున్నాం. ధనపాల్ బండి మీదే ఈ ఉత్తరం పంపుతున్నా.

ఏడుపు ఆపుకుంటున్న,
కుప్పు

తా.క.: పోయింది నువ్వు కాదు కదా?

ఒర్లియంపేట, మంగళవారం

చిరంజీవి కుప్పుకు అక్క దీవెనలు.

ఎవరూ పోలేదు. సుండల్ వచ్చాడు. ధనపాల్ చెప్పలేదా? మంచం కిందే ఉంటాడు. కుక్కర్ కూసినా, ఫోన్ మోగినా వణుకుతాడు. ముగ్గుడబ్బా చూస్తే మరీను. వాడు కుదురుకునేదాకా ముగ్గూ లేదు, ఫోనూ లేదు.

నీ అక్క

తా.క.: నా మంచం కింద ఎవరుండాలో నా ఇష్టం.

విల్లియనూరు, బుధవారం

అక్కా,

బావ పోయి ఆరేళ్లయింది. అరవై మూడేళ్ల వయసులో ఇదేం పని? పోలీసు భయం లేకపోతే వాడు మంచం కింద ఎందుకుంటాడు? శుక్రవారం వస్తున్నా. ఆ ఇంట్లో వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి.

కోపంతో,
కుప్పుస్వామి

తా.క.: ఇంతకీ వాడి ఉద్యోగమేంటి?

ఒర్లియంపేట, గురువారం

ఒరేయ్ కుప్పూ,

వాడు కుక్కరా! దిక్కులేని కుక్కల్ని సాకే అనుప్రియ దగ్గర తెచ్చుకున్నాను. ముగ్గు మీద పడుకున్నాడని ఎవరో చావబాదారట. "బలవంతం చెయ్యొద్దు పెద్దమ్మా, వాడే వస్తాడు" అంది ఆ పిల్ల. ఈ ఉదయం వచ్చాడు. నా పాదం మీద తల పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. వీధంతా ఏమన్నా అనుకోనీ, వాణ్ణి పంపను. వస్తే గొంతు తగ్గించుకుని రా. లేకపోతే రావద్దు.

నీ అక్క

తా.క.: ఉద్యోగం కాపలా. ప్రస్తుతం సెలవులో ఉన్నాడు.

విల్లియనూరు, శనివారం

అక్కకు నమస్కారాలు.

నిన్న నీ ఇంట్లో గంటసేపు నేల మీద కూర్చున్నది నడుము నొప్పి వల్ల. వాడు నా పంచె కొంగు మీద నిద్రపోయినంత మాత్రాన నేను లొంగినట్టు కాదు. రేపు వాణ్ణి తీసుకుని భోజనానికి రా. నీ మరదలు భాగ్యం చేత ఇవాళే మా వాకిట్లో ముగ్గు కడిగించాను.

లొంగని,
కుప్పుస్వామి

తా.క.: అప్పుడే నలుగురు పరామర్శకు వచ్చారు. తలుపు తీసింది నేనే అయినా, తెచ్చిన పూలమాల వెనక్కి తీసుకుపోం అంటున్నారు.