మంచు కింద నెర్రె

అయ్యకి,

సింధూరి దండాలు పెట్టి రాస్తన్నాది. నా ఒంట్లో బాగానే ఉన్నాది. నువ్వు, అమ్మ, సెల్లి తులసి కూడా అలాగే ఉన్నారని తలుస్తన్నాను. ఈ కొండమీద ఫోను పలకదు. సామాన్లు మోసేవోళ్ళు మనాలి దిగినప్పుడు ఈ ఉత్తరం డబ్బాలో ఏస్తారు.

హుద్‌హుద్ తుపానులో పోయిన తెప్ప బదులు కొత్త బోటు సంద్రంలోకి దిగిందని నీ ఉత్తరంలో సదివి సాలా సంతోషమైంది. దానికి అమ్మ పేరు పెట్టావంట. అమ్మ పైకి కసురుకున్నా లోపల మురిసిపోయుంటాది.

మా పనేటని అడిగావు. కొండమీంచి మెల్లగా జారే ఈ మంచునది ఏటేటా ఎంత కరుగుతన్నాదో కొలవడానికి పైన కర్రలు పాతారు. అక్కడికి మా జట్టు ఎల్లాల. దారిలో, ఎండిన సెరువు నెర్రెలిచ్చినట్టు, మంచులో తాటిసెట్టంత లోతు నెర్రెలుంటాయి. కొత్త మంచు కప్పేసి పైకి నున్నగా కనిపిస్తాది.

ఆ నెర్రెల్ని ముందే కనిపెట్టడం నా పని. మరి పైనుంచి నీకెలా తెలుస్తాదంటావు. పెద్ద బోట్లలో సేపల గుంపుని సూపించే మిషను ఉంటాది కదా, అది నీళ్ళలోకి శబ్దం పంపుతాది. మా రాడారు మంచులోకి రేడియో తరంగాలు పంపుతాది. తిరిగొచ్చినవి తెరమీద గీతలౌతాయి. సాపుగా పోతే మంచు గట్టి. తెగి విల్లులా వంగితే కింద ఖాళీ. దోర్జే అనే లద్దాఖీ అన్న ఆ పెట్టెని మంచుబండి మీద లాగుతాడు, నేను తెర సూస్తాను. నేను ఆగమంటే అందరూ ఆగాల.

"నీకేటీ అవ్వలేదు కదా, నిజం సెప్పు" అని ఆఖర్న రాశావు.

అయింది అయ్యా. పోయిన వారం ఎండకి పైమంచు తడిసి తెరమీద బొమ్మ మసకబారిపోయింది. తడిలో తరంగాలు లోతుకి పోవు. తిరిగెళ్ళిపోదామన్నాను. మళ్ళుతుంటే నా కాలికింద మంచు ఇరిగింది. నడుముకి తాడు ఉన్నాది కాబట్టి నెర్రెలో ఏలాడాను. కింద నీలం తప్ప అడుగు కనపడలేదు. నోట్లోంచి "అయ్యా" అన్న మాటే వచ్చింది. దోర్జేకి మన భాష రాదు. అయినా "ఉన్నాను, ఉన్నాను" అని హిందీలో అంటానే పైకి లాగాడు. మోసెయ్యి తోలు లేసింది, అంతే.

ఆ రాత్రి గుడారంలో మా జట్టు పెద్ద కుసుమకుమారి మేడం, మన ఇజీనారం ఆవిడే, దిగిపోతానంటే ఎవరూ ఏటీ అనుకోరని సెప్పింది. నాకూ దిగిపోదామనే ఉన్నాది. తెల్లారేసరికి మంచు గడ్డకట్టి రాయిలా అయింది. దోర్జే ఒక్కడే బండికి తాడు కడతన్నాడు. లేసి ఎల్లి తెర ముందు నిలబడ్డాను.

బొమ్మ అద్దంలా వచ్చింది. నెర్రె మా దారికి ఏటవాలుగా పోతన్నాది. దాని అంచెంబడే ఎల్లి, అది ముగిసిన సోట సుట్టు తిరిగి, ఎర్రజెండాలు పాతాం.

అమ్మకి ఎలా సెప్పాలో నీకే తెలుస్తాది. మానేసి వచ్చీమని మాత్రం అనకు. ఆ జెండాల ఎంబడి జట్టంతా కబుర్లాడుకుంటా నడిసొచ్చింది. కాళ్ళకేసి ఒక్కరూ సూసుకోలేదు. అది సూసి నాకు ఏడుపొచ్చింది అయ్యా.

ఇట్లు,
నీ పెద్దకూతురు
సింధూరి