ముప్పై ఒకటో పేరు

నాగాయలంక,
6 ఆగస్టు 2001

ప్రభువునందు నాకు తండ్రివంటి పరంజ్యోతి అయ్యగారికి వందనములు.

మూడు సంగతులు మనవి చేయవలసి ఉన్నది. మొదటిది: వచ్చే ఆదివారం నన్ను సంఘ పెద్దగా నిలబెట్టాలని తీర్మానించారు. రెండవది: నేను బాప్తిస్మం పొందలేదు. మూడవదానికి మీ అనుమతి కావాలి.

రెండవదాన్ని వివరిస్తాను. 1979లో కాలువలో మీరిచ్చిన బాప్తిస్మాలకు పట్టిక రాసింది నేనే. ముప్పై ఒక్క పేర్లు. రాసేవాణ్ణి గనుక నా పేరు చివర పెట్టుకున్నాను. వచ్చినవారికి గట్టుమీదే టిక్కులు పెడుతూ, నేనూ అక్కడే ఉన్నాను కదా అని నా పేరుకూ పెట్టాను. ఒక్కొక్కరినీ పిలిచి నీళ్ళలోకి పంపాను. ముప్పైయవదైన శాంతమ్మ అవ్వ నీళ్ళు మింగి తూలింది. పట్టిక పడేసి దూకి, ఆమెను ఒడ్డుకు చేర్చాను. నిలువునా తడిశాను. అంతలో ముగింపు పాట ఎత్తుకున్నారు. అందరూ నన్ను కౌగిలించుకున్నారు. ఉప్పెనలో నాన్న, చెల్లెలు పోయాక అమ్మ నవ్వింది ఆ రోజే. "నా బిడ్డ మునిగి లేచాడే" అని పేటంతా చెప్పుకొచ్చింది. కాదనలేకపోయాను. మరునాడు రిజిస్టరులో నా పేరూ ఎక్కించాను. మీరు సంతకం చేశారు.

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. బాప్తిస్మం లేని నాకు అర్హత లేకపోయినా ప్రతి నెలా ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటూనే ఉన్నాను. నిన్న నా భార్య సువార్తకు చెప్పాను. "మునిగితే తీరేదానికి ఇన్నేళ్ళు ఆలోచించారా? ఇకనైనా బందరు బస్సెక్కండి," అన్నది.

మూడవ సంగతి అదే. బందరులో ఎవరికీ తెలియకుండా మీరే నాకు బాప్తిస్మం ఇవ్వాలి. గుడివాడ నుంచి వచ్చిన కొత్త పాస్టరు గారికి చెబితే రిజిస్టరు తెరుస్తారు; అందులో మీ సంతకం కనబడుతుంది. పదిహేనేళ్ళు సైన్యంలో, పాతికేళ్ళు మా దివిసీమలో మీరు నిలుపుకున్న పేరు నా మూలంగా చెడకూడదు.

విధేయుడు,
జీవరత్నం

* * *

బందరు,
9 ఆగస్టు 2001

రత్నానికి పరంజ్యోతి ఆశీస్సులు.

నాకు తెలుసు. పటాలంలో హవల్దారుగా నా పని మనుషులను లెక్కపెట్టడం. కాలువలోనూ లెక్కపెట్టాను. ముప్పై మంది. మరునాడు రిజిస్టరులో ముప్పై ఒకటి చూసి కలం ఆపాను. నీ వెంట వచ్చిన మీ అమ్మ, "మావాడి పేరెక్కడో చూపించండయ్యగారూ," అన్నది. చూపించాను. చదువు రాని మనిషి, వేలితో తడిమి చూసుకున్నది. సంతకం చేశాను.

1962లో సరిహద్దున మా జట్టులో ఒకడు గల్లంతయ్యాడని రాసి పంపాను. మూడోనాడు వాడు కాలీడ్చుకుంటూ వచ్చాడు. అప్పటికే ఇంటికి టెలిగ్రాం వెళ్ళింది. వాడి తల్లి ఆ కబురుకే కన్నుమూసింది. నేను రాసింది అబద్ధం కాదు, తొందర. ఆనాటినుంచి ఒక తల్లి చూస్తుండగా ఎవరి పేరూ కొట్టివేయలేకపోయాను. మీ అమ్మ పోయాకైనా నిన్ను అడగవలసింది. అడగలేదు. దాన్ని దయ అనుకున్నాను; అది పిరికితనం.

చాటుగా ఇవ్వను. సంఘం ఎదుట సాక్ష్యం చెప్పిన తర్వాతే మనలో బాప్తిస్మం. కొత్త పాస్టరు ఇస్తాడు. పెద్దరికం సంగతి సంఘం తేల్చుకుంటుంది.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు తొందరపడి లేవకు. ర్యాంకులో నేను పెద్దవాణ్ణి. ముందు నా సాక్ష్యం.

పరంజ్యోతి