నేనూ నేనూ

కింగ్‌స్టన్
సెప్టెంబరు 2

ప్రియమైన అమ్మకి,

కొండ మీద వానలు తగ్గాయా? నువ్వు పంపిన సీమపనసలు అందాయి. కొన్ని కాల్చుకుని తిన్నాం. అన్నిట్లోకీ పెద్దది మన ఉప్పుచేపల మిస్ మర్టిల్ ఎత్తుకుపోయింది. "మీ అమ్మ నాకే పంపింది, దారి తప్పి నీ చేతికొచ్చింది" అంది.

ఇక అసలు సంగతి. సాంస్కృతిక శాఖ నుంచి లిండో అనే ఆయన వచ్చాడు, టై కట్టుకుని, గేటు దగ్గర మేకకి దారిస్తూ. వచ్చే నెల మార్కెట్ కూడలిలో నాన్న విగ్రహం పెడతారట. వీధికి కూడా అసాఫ్ టల్లక్ అని నాన్న పేరే పెడతారట. మన వాకిట్లో పిల్లలకి డ్రమ్ములు నేర్పే రేకుల షెడ్డు రోడ్డు వెడల్పులో పోవాల్సింది కదా, అది పోకుండా మన పేర పట్టా కూడా ఇస్తారట. ఇన్ని ఇస్తున్నారంటే ఏదో అడుగుతారని నాకు అప్పుడే తెలిసింది. తెర తీసేటప్పుడు నాన్న పాడిన 'డిక్కీ తెరవండి మంత్రిగారూ' పాట వేస్తారు. మూడో చరణం మాత్రం వేదిక మీద నుంచి వినపడకూడదు. అలా ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలి. ఎందుకంటే తెర తీసేది ఆ మంత్రిగారే. ముసలాయన ఇంకా బతికే ఉన్నాడు. ఆ ఎన్నికల ఏడాది ఆయన కారు డిక్కీలో, బియ్యం బస్తాల కింద, మన సందు కుర్రాళ్ళకి తుపాకులు వచ్చిన సంగతి మాత్రం అందరూ మర్చిపోవాలి.

"మీ నాన్నగారు ఇప్పుడు జాతి ఆస్తి అమ్మా. ఆ ఒక్క చరణం సందర్భానికి కాస్త బరువవుతుంది" అన్నాడు లిండో.

మిస్ మర్టిల్ ఉప్పుచేపల తట్ట దించుతూ, "మనుషులుండగా జైల్లో పెడతారు, పోయాక ఆస్తిలో కలుపుకుంటారు. మంచి శాఖే నాయనా మీది" అంది. పాపం, ఆయన మేక వైపు చూస్తూ నిలబడ్డాడు.

అమ్మా, నేను సంతకం పెడదామనుకుంటున్నాను. ఎందుకో కూడా చెబుతాను. ఆ చరణం కోసం నాన్న పోలీసు స్టేషన్లో ఎడమచేతి వేళ్ళు విరగ్గొట్టించుకున్నాడు. ఇది రాసిందెవడని అడిగినప్పుడల్లా 'నేనూ నేనూ' అన్నాడని ఊరంతా ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. 'మనం' అనడానికి నోరు రాని మనిషి. జడలు పెంచుకునే ఆ రాస్తా మతంవాళ్ళందరూ అంతే. నువ్వు లేదు, వాళ్ళు లేదు, లోకంలో ఉన్నదంతా నేనూ నేనూ. వినడానికి బాగానే ఉంటుంది. ఆయన నేనులో రేవు కూలీలు పట్టారు, చేపలవాళ్ళు పట్టారు, ఆఫ్రికాలో మొహం కూడా చూడని జనం పట్టారు. నువ్వూ నేనూ పట్టలేదు. ఆయన జైలు నుంచి వచ్చిన ఏడాదికే నువ్వు మూట కట్టుకుని కొండెక్కావు. నేను సెలవులకి నీ దగ్గర, మిగతా రోజులు ఆయన దగ్గర, ఎవరికీ పూర్తిగా చెందకుండా పెరిగాను. మనిల్లు చెడిపోయింది ఆ చరణంతోనే. ఇప్పుడది నోరు మూసుకుంటే పిల్లలకి ఒక నీడ మిగులుతుందంటే, మూసుకోనీ అనిపిస్తోంది.

వద్దంటే వెంటనే రాయి.

నీ
జిప్పోరా


పోర్ట్‌లాండ్ కొండల నుంచి
సెప్టెంబరు 9

నా చిట్టితల్లి జిప్పోరాకి,

సంతకం పెట్టు. కానీ ముందు కూర్చుని ఇది చదువు.

ఆ మూడో చరణం మీ నాన్నది కాదు. నాది.

ఒక ఆదివారం బియ్యంలో రాళ్ళేరుతున్నాను. ఆయన రెండు చరణాలు కట్టి, మూడోది కుదరక, "ఇంకేం అడగను ఆ మంత్రిని" అంటూ నా బుర్ర తింటున్నాడు. పక్కింటి లీథా కూతురు, నీ ఈడుది, ఆ తుపాకులకి బలైపోతే అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాం. నాకు ఒళ్ళు మండిపోయి, చేట ఒళ్ళో ఉండగానే అనేశాను:

బియ్యం తెచ్చానన్నావు మంత్రిగారూ,
బియ్యం బస్తా ఖణేల్మంటుందా?
పిల్ల పొట్ట నింపే గింజలైతే
పిల్లనే పొట్టన పెట్టుకుంటాయా?

ఆయన గిటారు పక్కన పెట్టేశాడు. "ఇది నీది. రికార్డు మీద నీ పేరు వేయిస్తాను" అన్నాడు. నేనే వద్దన్నాను. ఇంట్లో చిన్నపిల్లవి నువ్వున్నావు, భయం వేసింది.

స్టేషన్లో ఆయన చెప్పిన జవాబు సార్జెంటుకి రాస్తాల వాగుడులా వినిపించింది. జైలు నుంచి ఇంటికొచ్చాక నేను ఆ వేళ్ళకి నూనె రాస్తుంటే నవ్వాడు. "నేను అబద్ధం ఆడలేదు ఐసిల్డా. ఇద్దరమనే చెప్పాను. వాడికే లెక్కపెట్టడం రాలేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వంకర వేళ్ళు రోజూ అన్నం దగ్గర నా ఎదురుగానే ఉండేవి. నీ మాట వల్లే కదా అని ఒక్కసారి దెప్పి ఉంటే కాపురం చేసేదాన్నేమో. ఎప్పుడూ అనలేదు. ఆ మంచితనం నేను భరించలేకపోయాను. మీ నాన్న నన్ను వెళ్ళగొట్టలేదమ్మా. నిన్ను ఆయన దగ్గర వదిలింది కూడా, ఆ చేత్తో ఆయన ఒంటరిగా వండుకోలేడని.

ఇంకొకటి. ఆ నేనులో నువ్వు పట్టలేదని రాశావు. ఆ రోజు చేట పక్కన కూర్చుని, నేను ఏరిన రాళ్ళని బుద్ధిగా వేరే కుప్ప పోసింది నువ్వే.

ఇక కాగితం. మూడో చరణం వినిపించకూడదనే కదా ఉంది? మొదటి రెండూ కూడా వినిపించకు. రికార్డు తిరగెయ్యి. వెనకవైపు వర్షన్ ఉంది కదా, గొంతులన్నీ తీసేసి డ్రమ్ములూ బేసూ మాత్రం మిగిల్చింది. డాన్సుల్లో దాని మీద ఎవరి నోటికొచ్చింది వాళ్ళు పాడుకోవడానికే అది ఉన్నదని మన సందులో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. టై కట్టుకున్నాయనకి తెలియకపోతే ఆయన ఖర్మ.

మర్టిల్‌కి చెప్పు, ఆ పెద్ద సీమపనస నిజంగా తనకే పంపాను.

మీ అమ్మ
ఐసిల్డా


కింగ్‌స్టన్
అక్టోబరు 20

అమ్మా, నా బంగారు అమ్మా,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా రికార్డు వెనకవైపే వేసుకుంటూ కూర్చున్నాను. మర్నాడు వెళ్ళి సంతకం పెట్టాను. మాటలు లేని వైపు వేస్తానంటే లిండో మురిసిపోయాడు. "మరీ మంచిది, హుందాగా ఉంటుంది" అన్నాడు.

నిన్న కూడలి నిండా జనం. మంత్రిగారిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. ఫొటో కోసం ముందే నా చేతిలో పట్టా పెట్టారు. తర్వాత తెర లాగారు. విగ్రహం బాగుంది అమ్మా, కానీ ఎడమచేతి వేళ్ళు తిన్నగా చెక్కారు. అంతవరకూ నేను నోరు విప్పుతానో లేదో నాకే తెలియదు. ఆ వేళ్ళు చూశాక ఇక ఆగలేకపోయాను. పట్టా జాకెట్టులో దోపుకుని, వేదిక దిగి జనంలోకి వచ్చేశాను.

బేసు మొదలైంది. మొదటి చరణం చోటు ఖాళీగా గడిచింది. రెండోదీ గడిచింది. జనం ఊగుతున్నారే గానీ, చుట్టూ పోలీసులుండగా ఎవరూ పెదవి కదపలేదు. మూడో దాని చోటు వచ్చింది. 'బియ్యం తెచ్చానన్నావు' అని అందుకున్నాను. నా గొంతు నీకు తెలుసుగా, కాకి నయం. రెండో పాదానికి మిస్ మర్టిల్ కలిసింది. మూడో పాదానికి మన షెడ్డు పిల్లలు. నాలుగోది మార్కెట్ మార్కెట్టంతా పాడింది. పైన మంత్రిగారికి చెవుడు, పాపం, తాళానికి సరిగ్గా చేతికర్ర ఆడిస్తున్నాడు. ఎవరో వంగి చెవిలో చెప్పారు. కర్ర ఆగిపోయింది.

లిండో చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఒప్పందం ఏమైందమ్మా?" అన్నాడు. "వేదిక మీద నుంచి ఏమీ వినపడలేదు కదండీ" అన్నాను. వెనకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ముందు మొదలెట్టిందెవరు?" అన్నాడు.

నాకు ఒక్కసారిగా నీ చేట గుర్తొచ్చింది, నేను పోసిన రాళ్ళ కుప్ప గుర్తొచ్చింది.

"నేనూ నేనూ" అన్నాను.

ఈయనకి లెక్కపెట్టడం వచ్చమ్మా. నా మొహం చూశాడు, పక్కన మిస్ మర్టిల్‌ని చూశాడు, వెనక్కి తిరిగి మార్కెట్టంతా చూశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నీ
జిప్పోరా