జేపీజీ కాని అమ్మమ్మ

2వ తేదీ

సొరంగంలో దాక్కున్న మనవరాలికి, తాత దీవించి రాయునది ఏమనగా,

నువ్వు ఆ కొండ తవ్వే పనికి వెళ్ళినప్పటి నుంచి నీ ఫోను పలకదు. అందుకే ఈ కాగితం. మీ అమ్మమ్మ ఈ వయసులో పదో తరగతి పరీక్ష రాస్తుందట. ఏడాదిగా చదువుతోంది. నేను ఐదుతో ఆపినవాణ్ణి. ఆవిడ పాసైతే ఇంట్లో నా మాట ఎవరు వింటారు? ఇప్పుడు మాత్రం ఎవరు వింటున్నారులే.

సంగతేమిటంటే, దరఖాస్తు కంప్యూటర్లో పంపాలి. గడువు ఇరవై ఐదు. ఫోటో జేపీజీ అనే రకంలోనే ఉండాలట. నువ్వు పెట్టి వెళ్ళిన బొమ్మల ప్రోగ్రాంలో ఫోటో శుభ్రంగా కోసి, దాచమని నొక్కాను. అది పీఎన్జీ అనే రకంలో దాచింది. ఇంకోసారి నొక్కాను. మళ్ళీ అదే. పరీక్షల ఆఫీసు వాళ్ళు చెల్లదని తిప్పి పంపారు. నలభై ఏళ్ళు టైలరు పని చేశాను, ఇంత మొండి మిషను చూడలేదు. ఎప్పుడూ జేపీజీలోనే దాచమని దానికి ఒకేసారి గట్టిగా చెప్పడం ఎలా?

ఇట్లు,
మీ తాత

తా.క. ఫోటోలో పక్కింటావిడ మోచెయ్యి అడ్డం వస్తే కోసేశాను. ఆవిడకి చెప్పకు, ఇప్పటికీ రెండు చేతులూ ఉన్నాయనుకుంటోంది.

6వ తేదీ

తాతయ్యకి నమస్కారాలు.

అది చాలా చిన్న ప్రోగ్రాం. ముందే చెప్పి పెట్టుకునే ఏర్పాటు అందులో లేదు. ప్రతిసారీ మనమే చెప్పాలి. 'సేవ్ యాజ్' నొక్కు. కింద రకం అని ఒక గడి ఉంటుంది. అందులో జేపీజీ ఎంచుకుని సేవ్ చెయ్. రెండు నిమిషాల పని.

నీ మనవరాలు

తా.క. పాత ఫైలుకే పేరు చివర జేపీజీ అని మార్చేసి పంపొద్దు. నిన్ను నేనెరుగుదును.

10వ తేదీ

తాతని ఎరిగిన మనవరాలికి దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేలోపే పేరు మార్చి పంపేశాను. తిరిగొచ్చింది. లాగూకి చొక్కా అని చీటీ కుట్టినట్టయింది.

తర్వాత నువ్వు చెప్పినట్టే జేపీజీ ఎంచుకుని సేవ్ నొక్కాను. అప్పుడది ఒక ప్రశ్న వేసింది. ఈ పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది, దాని మీదే దాచమంటావా అని. కింద రెండు గళ్ళు. అవును, కాదు. గుడ్డ ఇచ్చిన పార్టీని అడక్కుండా దాని మీద కత్తెర పెట్టడం నా వృత్తిలో లేదు. అందుకని ఏదీ నొక్కలేదు. కంప్యూటరు ఆపకుండా, మీద తువ్వాలు కప్పి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీ జవాబు రాగానే నొక్కుతాను.

ఇట్లు,
కాపలా ఉన్న తాత

తా.క. గాలికి తెర మీది బాణం జరుగుతుందేమోనని ఫ్యాను ఆపేశాను. మీ అమ్మమ్మ లెక్కల పుస్తకంతోనే విసురుకుంటోంది. ఆ పుస్తకం ఇన్నాళ్ళకి ఉపయోగపడింది.

14వ తేదీ

తాతయ్యా,

'అవును' నొక్కు. దీనికి ఉత్తరం రాసి నాలుగు రోజులు కూర్చుంటావా? గడువు ఇరవై ఐదు, గుర్తుందా? ముందు ఫ్యాను వెయ్.

నీ మనవరాలు

తా.క. గాలికి బాణం జరగదు.

18వ తేదీ

కోపిష్టి మనవరాలికి, తాత చల్లగా దీవించి రాయునది.

ఫ్యాను వేశాను. బాణం జరగలేదు. నీకు చదువు బాగానే వచ్చింది.

అవును నొక్కాను. అది ఊరుకుంటేనా, ఇంకో ప్రశ్న వేసింది. ఇలా దాస్తే బొమ్మలో పారదర్శకత పోతుంది, సరేనా అని. ఆ మాటకి అర్థం మందుల షాపాయన చెప్పాడు. అవతలిది కనిపించడమట. మీ అమ్మమ్మ మనసులో ఏముందో నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ కనిపించలేదు, కొత్తగా పోయేదేముంది? అయినా ఎందుకైనా మంచిదని ఆవిడనే అడిగాను. "మీ ఇష్టం" అంది. మీ ఇష్టం అన్న పార్టీయే తర్వాత వచ్చి కుట్లు విప్పిస్తుంది. కాబట్టి నువ్వే చెప్పాలి. తువ్వాలు మళ్ళీ కప్పాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే తాత

తా.క. తువ్వాలు మార్చాను. మొదటిది మాసింది.

22వ తేదీ

తాతయ్యా,

సరే అను. సరే, సరే, సరే. కానీ ఇది నీకు చేరేసరికి గడువు దాటిపోతుంది. కొండ దిగి ఫోను పలికే చోటికి రెండుసార్లు వెళ్ళి చేశాను. నువ్వు తీయలేదు. అమ్మమ్మ వంట చేస్తూ చదివింది, కళ్ళకి చుక్కలు వేసుకుని చదివింది. ఇది తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆవిడకేం చెబుతావు?

నీ మనవరాలు

తా.క. ఫోను ఎందుకు తీయలేదు?

28వ తేదీ

మనవరాలికి, తాత తల వంచుకుని రాయునది.

మోగితే బల్ల అదురుతుందని ఫోను బియ్యం డబ్బాలో పెట్టాను.

నీ ఉత్తరం ఇరవై ఆరున వచ్చింది. సరే నొక్కాను. జేపీజీ అయింది, బ్రహ్మాండంగా అయింది. పంపబోతే గడువు ముగిసిందని వచ్చింది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం నోటికొస్తుంది. ఆ రోజు రాలేదు. "తప్పు నాదేనే" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదలు.

ఆవిడ చెయ్యి తుడుచుకుని అలమరలోంచి రెండు కవర్లు తీసింది. నేను తువ్వాలు ముందు కూర్చున్న పన్నెండో తేదీనే బస్సెక్కి పరీక్షల ఆఫీసుకి వెళ్ళిందట. అక్కడ కిటికీ దగ్గర జిగురు డబ్బా ఉందట. కాగితం ఫోటో అంటించి ఇచ్చినా తీసుకుంటారట. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, "మీరు నోరెత్తకుండా ఒకచోట కూర్చుంటే ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో, రెండు పాఠాలు ఎక్కువ చదివాను" అంది.

ఒక కవరులో ఆవిడ హాల్ టికెట్. రెండోది విప్పితే లోపల నా మొహం. బస్సు పాసులో పెట్టగా మిగిలిన ఫోటో. కింద నా సంతకమే. గ్యాసు కాగితమని చెప్పి పెట్టించుకుంది, నేను బాణం మీంచి కన్ను తీయకుండా పెట్టాను. ఐదో తరగతి వాణ్ణి, నన్ను రానిస్తారా అన్నాను. వయసు మళ్ళినవాళ్ళు ఎంత చదివినా రాయొచ్చట.

"పదహారు రోజులు రెండే రెండు ప్రశ్నల ముందు కదలకుండా కూర్చున్నారు. మీకంటే బుద్ధిమంతుడైన విద్యార్థి ఎవరున్నారండీ" అంది.

ఇట్లు,
పదో తరగతి, తాత

తా.క. నా నంబరు వెనకే ఆవిడ నంబరు. అంటే నాది ముందు బల్ల. చూసి రాయాలంటే మెడ పూర్తిగా వెనక్కి తిప్పాలి. నలభై ఏళ్ళు మిషను మీద వంగిన నా మెడ తిరగదని ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు.