ఎనిమిది టీబీల సంకల్పం

1వ తేదీ, సోమవారం

ఉదయం 6.10: హాల్లో టక్ టక్ మని చప్పుడు. గోడ గడియారం అనుకున్నాను. అది ఆగిపోయి రెండు నెలలైంది.

6.15: చప్పుడు పాత ల్యాప్‌టాప్‌ది! పాప పుట్టిన రోజు నుంచి ఏడేళ్ళ వీడియోలు అందులోనే ఉన్నాయి. మరెక్కడా లేవు. మొదటి ఏడుపు, మొదటి పన్ను, మొదటి అడుగులు, తిరిగే ఫ్యాన్‌కి టాటా చెప్పడం. అన్నీ.

6.40: సంకల్పం. పెద్ద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొంటాను. ఈ వారంలోనే కొంటాను. నా గేమ్ కన్సోల్‌లోనూ చోటు లేక కొత్త కారు రేసు గేమ్ పట్టడం లేదు, దానికీ ఇదే డిస్కు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు! (రెండో పిట్ట సంగతి శ్రీమతికి చెప్పలేదు. సందర్భం రాలేదు.)

సాయంత్రం: శ్రీమతి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఆవిడ పనంతా ఆవిడ కంప్యూటర్లోనే. "నా బొమ్మల సంగతి నేను చూసుకుంటా. పాప వీడియోలు మాత్రం మీ పూచీ" అంది.

"రికార్డు రూములో పదిహేడేళ్ళ సర్వీసు నాది. ఒక్క కాగితం పోలేదు. నాకు చెప్తున్నావా?"

"ఆఫీసు కాగితం పోతే ఇంకోటి టైపు చేయించుకుంటారు. ఇవి అలా కాదు కదండీ."

పదిహేడేళ్ళంటే మాటలా!

2వ తేదీ, మంగళవారం

బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి ఇలాంటివన్నీ తెలుసు, తెలియకపోయినా చెప్తాడు.

"నాలుగు టెరాబైట్లు, అదే నాలుగు టీబీ చాలు బావా. ఏ షాపుకెళ్ళినా దొరుకుతుంది. ఇవాళే తెచ్చేసుకో."

ఇంత ముఖ్యమైన విషయాన్ని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. కుర్రతనం. నేను పట్టిక గీయడం మొదలుపెట్టాను. గడులు: సైజు, వేగం, బరువు, తీగ పొడవు, దీపం రంగు, కిందపడితే ఏమవుతుంది.

4వ తేదీ, గురువారం

పట్టికలో ఇప్పుడు ఇరవై మూడు గడులు. తేలిన విషయాలు:

లోపల పళ్ళెం తిరిగే రకం: చోటు ఎక్కువ, వేగం తక్కువ.
చిప్ రకం: వేగం ఎక్కువ, చోటు తక్కువ.
నాకు కావలసింది: రెండూ ఎక్కువ.

కొన్నవాళ్ళ అభిప్రాయాలు మూడు వందల పది చదివాను. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి "అద్భుతం, ఇంకా పెట్టె విప్పలేదు" అని రాశాడు. ఇంకొకావిడ "మూడో రోజే పాడైంది కానీ తెచ్చిన మనిషి చాలా మర్యాదస్తుడు" అని నాలుగిచ్చింది. ఎవరిని నమ్మాలి?

సాయంత్రం 7.30: ల్యాప్‌టాప్ నిమిషానికి పద్నాలుగు సార్లు టక్ మంటోంది. నిన్న పదకొండే. ఇరవై నాలుగో గడి వేసి ఇది కూడా ఎక్కించాను.

శ్రీమతి తొంగిచూసి, "మంచి డాక్టరెవరో తేలేలోపు రోగి పోయేట్టున్నాడు" అంది.

6వ తేదీ, శనివారం

పట్టిక ప్రకారం మొదటి స్థానంలో మూడు డిస్కులు సమానంగా నిలిచాయి. మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం.

ఆఫీసులో పక్క సీటాయన ఆరు టీబీ మంచిదంటాడు. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు.

8వ తేదీ, సోమవారం

కొనేశాను! ఎనిమిది టీబీ, నల్లది.

షాపాయన ముందు పట్టిక పరిచి ఇరవై నాలుగు ప్రశ్నలూ వరసగా అడిగాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. చివరికి, "సార్, ఇవాళ నా దగ్గర ఉన్నది ఇదొక్కటే" అన్నాడు. ఎంతో శాస్త్రీయంగా ఎంపిక జరిగింది.

9వ తేదీ, మంగళవారం

బ్యాకప్ పూర్తి! చరిత్రలో నిలిచే రోజు.

ఇక్కడ నా అనుభవం పనికొచ్చింది. కంప్యూటర్‌లో 'కాపీ' అని ఒకటి, 'కట్' అని ఒకటి ఉంటాయి. కాపీ కొడితే అదే వీడియో ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. రికార్డు రూములో అంతకు మించిన నేరం లేదు. ఫైలన్నది ఒక్కచోటే ఉండాలి. ఒకసారి ఒకే ఫైలు రెండు ప్రతులు రెండు సెక్షన్లలో తిరిగి, రెండింటి మీదా రెండు రకాల సంతకాలు పడి, నేను మూడు సంజాయిషీలు రాసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి నాకు రెండో ప్రతి అంటే ఒళ్ళు మంట.

అందుకే కట్. పేస్ట్. అటునుంచి తీయడం, ఇటు పెట్టడం. ఎంత శుభ్రంగా ఉందో!

ఆఫీసులో లాగే ఒక నోటుపుస్తకంలో కదలికల రిజిస్టరు కూడా తెరిచాను. "వీడియోలు 1,912. పాత ల్యాప్‌టాప్ నుండి హార్డ్ డిస్కునకు బదిలీ." కింద నా సంతకం. సాక్షి సంతకం పాప, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో.

10వ తేదీ, బుధవారం

ల్యాప్‌టాప్ పోయింది. పొద్దున ఒక్కసారి టక్ మంది, అంతే. చూశారా నా ముందుచూపు! ఒక్కరోజు ఆలస్యమైతే ఏమయ్యేది?

శ్రీమతి: "ఇంకో కాపీ ఎక్కడ పెట్టారు?"

"ఇంకోటెందుకు? ఇది ఉందిగా."

"ఇది పోతే?"

"కొత్తది పోతుందా?"

ఆదివారం చూద్దాంలే అన్నాను.

13వ తేదీ, శనివారం

డిస్కులో నిండింది ఒక్క టీబీ. ఏడు టీబీలు ఖాళీ. ఖాళీ గది చూస్తే ఎవరికైనా అద్దెకివ్వాలనిపిస్తుంది.

గేమ్ ఎక్కించడానికి కారణాలు:
వేగం పరీక్షించినట్టవుతుంది.
వాడకుండా ఉంచితే వస్తువు పాడవుతుంది (పక్క సీటాయన).
వారమంతా కష్టపడ్డాను.

14వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం 3.05: శ్రీమతి, పాప లైబ్రరీకి వెళ్ళారు. డిస్కు కన్సోల్‌కి తగిలించాను.

3.07: తెర మీద పెద్ద పేరా. చివర "ఫార్మాట్ చేయాలి. సరేనా?" అని ఉంది. పదిహేడేళ్ళుగా నా ముందుకొచ్చే ప్రతి కాగితం చివరా ఇదే ఉంటుంది. పైనున్నది చదివితే ఆఫీసు నడవదు. సరే నొక్కాను. నాలుగు సెకన్లు పట్టింది. ఎంత వేగం!

4.30: గేమ్ దిగింది. నూట నలభై జీబీ. ఆకుల మీద ఎండ కూడా కనిపిస్తోంది!

5.50: మూడో స్థానం! రేపు మొదటి స్థానం.

6.20: వాళ్ళు వచ్చారు. పాప, "నాన్నా, నేను ఫ్యాన్‌కి టాటా చెప్పేది పెట్టవా" అంది. డిస్కు తీసి శ్రీమతి కంప్యూటర్‌కి పెట్టాను. "ఈ డిస్కును చదవలేకపోతున్నాను" అంటోంది. మళ్ళీ కన్సోల్‌కి పెట్టాను. గేమ్ ఉంది. ఇంకేమీ లేదు.

6.31: కార్లున్నాయి. పాప లేదు.

6.40: "డిస్కు అలిసిపోయిందమ్మా, రేపు చూద్దాం" అని పాపతో చెప్పాను. అబద్ధం.

15వ తేదీ, సోమవారం

శ్రీమతికి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, "మొదటి అడుగులు కూడానా?" అని అడిగింది.

అవునన్నాను. ఏడుపొచ్చింది నాకు. రిజిస్టరు తెరిచి చూశాను. అంతా సక్రమంగానే ఉంది, సాక్షి సంతకంతో సహా.

రిపేరు షాపులో ఒక అమ్మాయి ఉంది. పోయిన డేటా వెనక్కి తీయడం ఆమె పని.

"ఫార్మాట్ అయ్యాక దీని మీద ఇంకేమైనా ఎక్కించారా సార్?"

"చిన్న గేమ్."

"ఎంత చిన్నది?"

"నూట నలభై జీబీ."

"సరే, ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

"రిజిస్టరు ఉంది."

ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

18వ తేదీ, గురువారం

పదిహేడేళ్ళలో మొదటిసారి ఆఫీసులో ఒక ఫైలు తప్పు అరలో పెట్టాను. మనసు మనసులో లేదు.

సాయంత్రం 5.00: 1,912లో 1,640 దొరికాయి! పేర్లు, తేదీలు పోయాయట. అన్నీ నంబర్లే. గేమ్ కూర్చున్న చోట ఉన్నవి మాత్రం ఇక రావు. దొరికినవి నా డిస్కులోనే వేసి ఇచ్చింది.

"మా దగ్గరున్న కాపీని వారం రోజులే ఉంచుతాం సార్. తర్వాత చెరిపేస్తాం. ఈలోపు ఇంకో డిస్కు తెచ్చి దాన్లో వేయించుకోండి" అంది.

"రేపే తెస్తాను" అన్నాను. ఇంటికొచ్చి శ్రీమతికీ అదే చెప్పాను.

20వ తేదీ, శనివారం

నిన్న ఆఫీసులో తనిఖీ. డిస్కు కొనడం కుదరలేదు.

ఇవాళ ముగ్గురం సోఫాలో కూర్చుని చూస్తున్నాం. 0001 జ్వరంలో పాప. 0002 నా బొటనవేలు, నాలుగు నిమిషాలు. 0003 ఫ్యాన్‌కి టాటా. పాప పగలబడి నవ్వింది. సాయంత్రానికి అన్నీ పైపైన తిప్పేశాం. మొదటి అడుగులు లేవు.

నేనే చెప్పాను పాపకి. నా తప్పు వల్ల పోయిందని, మళ్ళీ రాదని. క్షమించమన్నాను.

పాప, "నేను మళ్ళీ నడుస్తాలే నాన్నా. వీడియో తీసుకో" అంది.

సోఫా పట్టుకుని లేచింది. చేతులు చాచింది. ఊగుతూ రెండడుగులు వేసి దబ్బున కూర్చుని, ఉత్తుత్తి ఏడుపు ఏడ్చింది.

"అప్పుడు ఏడ్వలేదే నువ్వు, నవ్వావు" అంది వాళ్ళమ్మ, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని. "మళ్ళీ రా."

మళ్ళీ లేచింది. ఏడేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండు ఊడిపోయిన పిల్ల, తొమ్మిది నెలల పాపలా నడిచి వెళ్ళి అమ్మ ఒళ్ళో పడింది. శ్రీమతి నవ్వుతూ ఏడుస్తోంది. ఫోన్ తెర నాకు మసగ్గా కనిపించింది.

ఇది పోతే నేను మనిషినే కాదు. అప్పటికప్పుడు శ్రీమతి కంప్యూటర్లో ఒకటి, డిస్కులో ఒకటి పెట్టాను. జీవితంలో మొదటిసారి 'కాపీ' నొక్కాను. ఒళ్ళు మండలేదు.

22వ తేదీ, సోమవారం

ఉదయం 6.00: కొత్త సంకల్పం. రెండో డిస్కు. ప్రతి వీడియో రెండు చోట్ల. కన్సోల్ బీరువా పైకి. గడువు గురువారం, అంటే ఇంకా మూడు రోజులు. ఇవాళే కొంటాను!

6.20: ఒక్క సందేహం. రెండూ ఒకే కంపెనీవి కావాలా, వేరు వేరువా? ఒకే కంపెనీ అయితే రెండూ ఒకేసారి పాడవొచ్చు. వేరువేరైతే తీగలు కలవకపోవచ్చు.

8.45: నూట డెబ్భై అభిప్రాయాలు చదివాను. ఏకాభిప్రాయం లేదు.

సాయంత్రం 5.30: రిపేరు షాపుకి ఫోన్. ఇంకో వారం గడువు ఇవ్వమని అడిగాను.

"గడువెందుకు సార్? మేడం శుక్రవారమే డిస్కు తెచ్చి అన్నీ వేయించుకెళ్ళారు. పది నిమిషాల్లో కొనుక్కొచ్చారు. మీకు చెప్పొద్దన్నారు, మీరు కొంటారో లేదో చూద్దామని."

5.35: సిగ్గుతో చచ్చిపోయాను.

5.50: అయితే కంగారేమీ లేదన్నమాట. నిదానంగా, అన్నీ చూసుకుని, మంచిది కొనొచ్చు.