అమ్మ అంబలి కుండ

బాపూ,

అమ్మ అంబలి కుండలో నీళ్లు పోసి మరిగిస్తున్నాను. దించి పెట్టి పోతాను. నువ్వు డ్యూటీ దిగి వచ్చాక ఆ నీళ్లు పారబోసి కుండ బోర్లించు. అమ్మకు అప్పుడే వండిన అన్నం, కాచిన పాలు మాత్రమే పెట్టు. పెరుగు వద్దు, పులిసింది ఏదీ వద్దు.

నిన్న నువ్వు దొంగచాటుగా అంబలి తాగించావని గ్లాసు చూసి తెలుసుకున్నాను. కోపం లేదు. నాలుగు రోజుల్లో ఆమె ఇష్టంగా తాగింది అదొక్కటే. కానీ డాక్టరు నీ ముందే చెప్పారు కదా. ఆమె ఒంట్లోని రక్షణ శక్తి తన నరాల మీదే పడింది, దాన్ని అణచడానికే ఈ మాత్రలు. పులుపులోని క్రిములు మనకు మేలు చేస్తాయట. వాటిని ఆపే బలం లేని ఆమెకు రక్తంలో చేరితే ప్రాణం మీదికి రావచ్చట. "తప్పకుండా అట్లయితదని చెప్పలేను, కాని ఆమె తట్టుకోదు" అన్నారు.

లేవగానే "నా కుండ ఏడవెట్టిన్రు?" అంటుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అడుగున పాత పులుపు ఉంచే కొత్త జావ పోసేది, ఎన్నడూ ఖాళీ చేయలేదు. నేనే కడిగానని చెప్పు.

కొంచెం పులుపు పక్కింటి మాణెమ్మత్తకు ఇచ్చాను. "మీ అమ్మ మంచిగైనంక తీస్కపో బిడ్డా, అందాక నేను సాకుత" అన్నది. అమ్మ బతికున్నన్నాళ్లూ ఈ మాత్రలు వేసుకోవాలని అత్తకు చెప్పలేదు.

రక్తపరీక్ష కాగితం కోసం సంగారెడ్డి పోతున్నాను.

ఇప్పుడే చూశాను, అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. పొయ్యి వైపే చూస్తున్నది. కుండ దించి పోతున్నాను.